ఆ రాత్రి సంగతి పాటలో ఉండవచ్చా?

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, నాష్‌విల్ నగరానికి అరగంట దూరంలో కాపురముంటున్న ఒక సోదరి రాసిన దీర్ఘమైన ఉత్తరం ఇది. గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేసి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెది ప్రకాశం జిల్లా. పైచదువుకు వెళ్ళి, అక్కడే ఉద్యోగంలో స్థిరపడి, టెనెసీలో పుట్టి పెరిగిన సహోద్యోగిని పెళ్ళి చేసుకున్నారు. ఆయన తల్లిదండ్రులకు ఒక్కడే కొడుకు. మామగారికి 76 ఏళ్ళు. జీవితమంతా కంట్రీ పాటలు, అంటే అమెరికా పల్లెల్లో పుట్టిన బాణీ పాటలు, రాస్తూ, పాడుతూ బతికిన మనిషి. ఆయన పేరు జనానికి పెద్దగా తెలియదు గాని, 1980లలో ఆయన రాసిన కొన్నింటిని పేరున్న గాయకులు పాడారు. వాటిలో ఒకదాని మీద ఇప్పటికీ రాయల్టీ చెక్కు వస్తోంది. అత్తగారు ఊపిరితిత్తుల జబ్బుతో రెండేళ్ళ కిందట కన్నుమూశాక, మామగారు కొడుకు ఇంటికే వచ్చేశారు. గరాజ్ మీద ఉన్న గదిలో గిటార్ పెట్టుకుని కూర్చుని పది పాటలు రాశారు. ఆఫీసు నుంచి వచ్చాక కోడలే వాటిని ఫోన్‌లో రికార్డు చేసి, మాటలు టైపు చేసి పెడుతూ వచ్చారు. పది పాటలతో ఆల్బమ్ చేద్దామనుకున్నారు. వచ్చే నెలలో స్టూడియో తీసుకున్నారు. ఖర్చు సుమారు 14 వేల డాలర్లు, అది భార్యాభర్తల ఉమ్మడి పొదుపులోంచి రావాలి.

చిక్కు పదో పాటతో వచ్చింది. వాన కురుస్తున్న ఒక రాత్రి భార్య నీలం రంగు సూట్‌కేస్ పట్టుకుని ఇల్లు వదిలి వెళ్ళడం, పక్క రాష్ట్రమైన కెంటకీ సరిహద్దు దాకా కారు నడిపి అక్కడి నుంచి వెనక్కి తిరగడం, తెల్లవారేసరికి వంటింట్లో కాఫీ కాస్తూ కనబడడం అందులోని కథ. మామగారు ఆ పాట పాడుతుండగా కొడుకు గరాజ్ మెట్ల మీద నిలబడి చివరిదాకా విని, "అది అలా జరగలేదు" అని ఒక్క మాట అని దిగి వెళ్ళిపోయారట. అసలు జరిగింది వేరు. అత్తగారు అక్కగారింట్లో మూడు వారాలు ఉండిపోయారు. అప్పటికి ఆ పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. తండ్రి ఆ రోజుల్లో తాగుతూ ఉండేవారు. పక్కింటివాళ్ళు అన్నం పెట్టి, బడికి పంపేవారు.

ఇప్పుడు తండ్రీ కొడుకులు మందుల సంగతి, వాతావరణం సంగతి తప్ప మాట్లాడుకోవడం లేదు. ఆ పాట బయటికి వస్తే ఆల్బమ్ ఊసు తన దగ్గర ఎత్తవద్దని భర్త అన్నారు. తను రాసినవాటిలో నిజమైన పాట అదొక్కటేనని, కోడలు వద్దంటే మాత్రం తీసేస్తానని మామగారు అన్నారు. పైగా ఒకప్పుడు అత్తగారు పాడుతూ వచ్చిన హార్మొనీ గొంతును, అంటే ప్రధాన గొంతుకు తోడుగా పలికే స్వరాన్ని, ఈ ఆల్బమ్‌లో కోడలినే పాడమని అడిగారు. అత్తగారు నోట్‌బుక్‌లో సగం రాసి వదిలేసిన ఒక పాటను కూడా మామగారు పూర్తిచేసి ఇందులో చేర్చారు. ఒంగోలులోని తల్లిగారు ఫోన్‌లో విని, "ఇంటి గుట్టు లంకకు చేటు, పోయిన మనిషిని బజారున పెట్టడమేమిటి?" అన్నారు. ఆ పాట ఉంచమనాలా, తీసేయమనాలా, తను పాడవచ్చా, డబ్బు ఇవ్వవచ్చా అని ఈ సోదరి అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఉత్తరం చాలా జాగ్రత్తగా రాశారు. అందులో ఒక వాక్యం దగ్గర మీరు ఆగకుండా ముందుకు వెళ్ళిపోయారని నాకు అనిపించింది, కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. పాట విన్నాక మీ వారు అన్న మాట "అది అలా జరగలేదు" అని. ఆ మాటలో పరువు ప్రస్తావన లేదు, అమ్మ సంగతి లోకానికి చెప్పవద్దన్న కోరిక కూడా లేదు. తర్వాత మీరు నాలుగు పేరాలు పరువు గురించి, పోయినవారి మర్యాద గురించి రాశారు. ఆ ఆలోచన మీ అమ్మగారితో మాట్లాడాక వచ్చిందని నా ఊహ. అది మీ పుట్టింటి భయం, అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. అయితే మీ భర్త బాధ అది కాకపోవచ్చు. మూడు వారాలు ఒక రాత్రిగా కుదించినప్పుడు ఆ పాటలోంచి జారిపోయింది ఎవరు? పక్కింట్లో అన్నం తిన్న తొమ్మిదేళ్ళ పిల్లవాడు. భార్య వెళ్ళడం, తిరిగి రావడం, భర్త ఎదురు చూడడం అన్నీ పాటలో ఉన్నాయి. కొడుకు ఒక్కడే లేడు.

ఇలా చదివితే మీ ముందున్న ప్రశ్న మారుతుంది. ఇంటి సంగతి పాట కావచ్చా అన్నదానికి కంట్రీ సంగీతం ఎప్పుడో జవాబు చెప్పేసింది. కంట్రీ గాయని లొరెట్టా లిన్ 1960లలోనే తన భర్త తాగుడు గురించి, అతని చుట్టూ తిరిగే ఆడవాళ్ళ గురించి పాటలు కట్టి రేడియోలో వినిపించింది. ఆమెకు మొదటి గిటార్ కొనిచ్చింది ఆ భర్తే, 1996లో అతను పోయేవరకు ఆ కాపురం సాగింది. 72 ఏళ్ళ వయసులో, 2004లో తెచ్చిన ఆల్బమ్‌తో ఆమె అమెరికా సంగీత పురస్కారాలైన గ్రామీలు అందుకుంది. మన దగ్గర మాత్రం ఇంటి బాధ పాట కాలేదా? దంపుళ్ళ పాటల్లో, తిరగలి పాటల్లో అత్తింటి ఆరళ్ళు పాడుకున్నది మన ముత్తవ్వలే. పద్నాలుగేళ్ళు నిద్రపోయి లేచిన ఊర్మిళ ఎదుట నిలిచిన లక్ష్మణుణ్ణి పరాయివాడనుకుని మందలించిన మందలింపును ఇళ్ళల్లో తరతరాలుగా పాడుకున్నారు. కనుక మీ అమ్మగారికి ఈ సంగతి నచ్చజెప్పడం మీరు అనుకున్నంత కష్టం కాదు.

మీ మామగారి ఆల్బమ్‌కు బాగా దగ్గరగా వచ్చే ఆల్బమ్ ఒకటి ఉంది. ఆయనకు అది తెలిసే ఉంటుంది, మీరు కూడా ఒకసారి వింటే మన సంభాషణ తేలికవుతుంది. గై క్లార్క్ 2013 జులైలో తెచ్చిన 'మై ఫేవరెట్ పిక్చర్ ఆఫ్ యు'. గై క్లార్క్ పశ్చిమ టెక్సస్‌లోని మొనాహన్స్ అనే ఊళ్ళో 1941లో పుట్టాడు. నాష్‌విల్‌లో స్థిరపడి, ఇంట్లోనే కార్ఖానా పెట్టుకుని, ఒక చేత్తో గిటార్లు చేస్తూ ఒక చేత్తో పాటలు రాసిన మనిషి. భార్య సుజానా 2012 జూన్‌లో పోయింది. ఆ మరుసటి ఏడాది, ఆరోగ్యం దెబ్బతిని గొంతు బొంగురుపోయిన స్థితిలో, 71 ఏళ్ళ వయసులో ఈ ఆల్బమ్ తెచ్చాడు. దానికి 2014 జనవరిలో ఉత్తమ ఫోక్ ఆల్బమ్ గ్రామీ వచ్చింది. 2016 మేలో ఆయన కూడా వెళ్ళిపోయాడు.

ఆ అట్ట మీది బొమ్మను బాగా చూడండి. ముసలి గై క్లార్క్ చేతిలో ఒక చిన్న పోలరాయిడ్ ఫొటో పట్టుకుని మనకు చూపిస్తుంటాడు. ఫొటోలో యువతిగా ఉన్న సుజానా చేతులు కట్టుకుని నిలబడి, కెమెరా వైపు కోపంగా చూస్తుంటుంది. గై, అతని స్నేహితుడు టౌన్స్ వాన్ జాంట్ ఇంట్లో తప్పతాగి ఆగం చేస్తుంటే, విసిగిపోయి గుమ్మం దాటి బయటికి వచ్చిన క్షణంలో ఒక స్నేహితుడు తీసిన ఫొటో అది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె నవ్విన ఫొటోలు ఎన్ని ఉండి ఉంటాయి! వాటన్నిటినీ పక్కన పెట్టి, తన మీద కోపంతో గుమ్మం దాటిన ఫొటోనే తనకు అన్నిటికన్నా ఇష్టమని ఆ పాట చెబుతుంది. కోపానికి కారణం తానేనని పాట దాచదు. ఆమె వెంటనే కరిగిపోయి లోపలికి వచ్చేసినట్టు కథ కూడా కట్టదు. నా దృష్టిలో ఆ పాట బలం అదే. ఫొటోలో ఉన్న కోపం పాటలో కూడా చెక్కుచెదరకుండా ఉంటుంది.

మీ మామగారి పాట దీనికి చాలా దగ్గరగా వచ్చి, చివరి చరణంలో పక్కకు తప్పుకుంది. మీరు రాసి పంపిన చరణాల సారాంశం చూస్తే మొదటి రెండు చరణాలు ఎంతో పొందికగా ఉన్నాయి. సూట్‌కేస్ గొళ్ళెం పడిన చప్పుడు, వానలో వైపర్ల కదలిక, ఆయన వరండాలోంచి కదలలేకపోవడం, ఇవన్నీ అనుభవించిన మనిషి రాసినవని తెలిసిపోతుంది. మూడో చరణంలో తెల్లవారి, కాఫీ కాగి, అన్నీ సర్దుకుపోయాయి. మూడు నిమిషాల పాటలో మూడు వారాలు పట్టవన్నది నిజమే, కాలాన్ని కుదించడం పాట రాసేవారి పనిలో భాగమే. ఆయన అబద్ధం ఆడారని నేను అనను. భార్య పోయిన రెండేళ్ళకు రాస్తున్న మనిషి, ఆమె తిరిగి వచ్చిన ఉదయాన్ని త్వరగా రప్పించుకోవాలని తహతహలాడి ఉండవచ్చు. నాష్‌విల్ పాటల రచయిత హార్లన్ హోవర్డ్ కంట్రీ పాటంటే మూడు కార్డ్‌లు (గిటార్ మీద కలిపి మోగించే స్వరాల గుంపులు), నిజం అన్న మాట మీ మామగారి తరానికి బాగా తెలుసు. తను రాసినవాటిలో నిజమైన పాట ఇదొక్కటే అని ఆయన అన్నప్పుడు ఆయన హృదయానికి అది నిజమే. అయితే ఆ ఇంట్లో ఆ మూడు వారాలు ఉన్నది ఆయన ఒక్కరే కాదు కదా.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఉన్న పాటను ఉన్నట్టుగా విడుదల చేయడం ఒకటి. చట్టం అడ్డు రాదు. అమెరికాలో పోయినవారి పరువు పేరిట దావా సాధారణంగా నిలవదు, పాట రాసిన హక్కు ఆయనది. కాని ఒక సంగతి మీరిద్దరూ ముందే తెలుసుకోవాలి. రాసిన పాట మొదటిసారి ఎవరి గొంతులో రికార్డై బయటికి రావాలో నిర్ణయించే అధికారం అక్కడి చట్టం రచయితకే ఇస్తుంది. హక్కుదారు అనుమతితో ఒకసారి జనంలోకి వచ్చిన తర్వాత, నిర్ణయించిన రుసుము చెల్లించి ఎవరైనా దాన్ని తిరిగి పాడి రికార్డు చేసుకోవచ్చు, రచయితను అడగనక్కరలేదు.  అంటే రేపు మనసు మారి మీరు మీ ఆల్బమ్‌ను స్ట్రీమింగ్ నుంచి తీసేసినా, పాట మాత్రం వెనక్కి రాదు. మరెవరో పాడవచ్చు, అది బాగా ఆడవచ్చు. మీ వారు కిరాణా దుకాణంలో సరుకులు ఏరుకుంటుండగా, తొమ్మిదేళ్ళ వయసులో తాను పడ్డ మూడు వారాలు ఒక్క రాత్రిగా మారి పైనున్న స్పీకర్లోంచి వినబడవచ్చు. మంచి పాటకు ఇది జరిగే అవకాశం ఎక్కువ. ఆ పాట మంచిదని మీరే రాశారు.

రెండో దారి, తీసేయమని చెప్పడం. మీరు ఒక్క మాట అంటే చాలని ఆయన అన్నారు, అందువల్లనే ఆ మాట అనడంలో ప్రమాదం ఉంది. ఆయన తీసేస్తారు. తొమ్మిది పాటల ఆల్బమ్ వస్తుంది. ఆయన వరకు, తన జీవితంలోని ఏకైక నిజమైన పాటను తీయించింది కోడలు అవుతుంది. ఆయన పైకి అనకపోయినా ఆ మాట ఇంట్లో ఉండిపోతుంది. మీ వారికి ఊరట దొరుకుతుందా అంటే, అదీ అనుమానమే. పాట ఉంటే ఆయన అందులో లేరు, తీసేస్తే ఆ మూడు వారాల సంగతి అసలే లేదు. ఏది చేసినా ఆయన దగ్గరకు వచ్చి "నువ్వు ఎలా గడిపావురా?" అని ఎవరూ అడగరు. గొడవ సద్దుమణుగుతుంది గాని, తండ్రీ కొడుకులు వాతావరణం గురించి మాట్లాడుకోవడం మాత్రం అలాగే ఉంటుంది.

ఈ రెండింటి మధ్య మీరు చూడని చోటు ఒకటుంది. రికార్డు చేయడం వేరు, విడుదల చేయడం వేరు. మీరు రెండింటినీ ఒకే నిర్ణయంగా అనుకుంటున్నారు. 76 ఏళ్ళ గొంతు ఎవరి కోసమూ ఆగదు. వచ్చే ఏడాదికి ఆయన ఊపిరి, వేళ్ళు ఇలాగే ఉంటాయని ఎవరూ చెప్పలేరు. కాబట్టి స్టూడియో తేదీలు మార్చకండి. పది పాటలూ పాడించండి. పదోదాన్ని ఆయన గొంతు, గిటార్ మాత్రమే పెట్టి, వేరే ఫైలుగా దాచి ఉంచండి. విడుదల కానంతవరకు మొదటిసారి బయటపెట్టే అధికారం పూర్తిగా ఆయన చేతిలోనే ఉంటుంది. ఇందులో కూడా ఇబ్బంది లేకపోలేదు. మీ వారికి చెప్పకుండా రికార్డు చేస్తే, దొంగచాటుగా పని కానిచ్చారని అనుకుంటారు. కనుక స్టూడియోకు వెళ్ళే ముందే, పాట రికార్డవుతోందని, విడుదల సంగతి ఇంకా తేలలేదని ఆయనకు స్పష్టంగా చెప్పాలి. చెప్పవలసింది మీ మామగారు. ఆయన చెప్పకపోతేనే మీరు.

నాష్‌విల్‌లో పాటల రచయితలకు అలవాటైన ఇంకో పద్ధతి కూడా మీ మామగారి మనసులో ఉండవచ్చు. నలుగురు రచయితలు గది మధ్యలో గుండ్రంగా కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు తమ పాటలు తామే పాడి వినిపించే రౌండ్లు. 1982లో తెరిచిన బ్లూబర్డ్ కఫేలో పట్టేది తొంభై మంది దాకానే, అక్కడ పాడేటప్పుడు వినేవాళ్ళు గుసగుసలాడడం కూడా మర్యాద కాదు. పాట నిలుస్తుందో లేదో తేల్చుకోవడానికి అలాంటి చిన్న గది మంచి చోటు. అయితే తొంభై మంది అపరిచితుల ముందు పాడాక కొడుకుకు తెలిస్తే, అది విడుదలకన్నా ఎక్కువ గాయం చేస్తుంది. ఆ పద్ధతి తర్వాతి సంగతి.

అన్నిటికన్నా కష్టమైనది, నేను ఎక్కువ మొగ్గేది, తండ్రీ కొడుకులు ఆ మూడో చరణం ముందు కూర్చోవడం. పాటను మెత్తబరచడానికో, కొడుకుతో ఒప్పించుకోవడానికో కూర్చోమనడం లేదు. ఆ మూడు వారాలు ఎలా గడిచాయో కొడుకు చెబితే తండ్రి వినడానికి. నాష్‌విల్‌లో ఇద్దరు ముగ్గురు కలిసి కూర్చుని పాట రాసుకోవడం రోజూ జరిగే పనే, మీ మామగారు జీవితమంతా చేసిన పని అది. అపరిచితులతో కూర్చుని వాళ్ళ కథ విని పాట రాసిన మనిషికి, సొంత కొడుకు కథ వినడం చేతకాదని నేను అనుకోను, కష్టమని మాత్రం ఒప్పుకుంటాను. తన తాగుడు సంగతి అక్కడ బయటికి వస్తుంది. ఆయన నొచ్చుకుని పాటనే పారేయవచ్చు, లేదా ఒక్క అక్షరం కూడా మార్చనని మొండికేయవచ్చు. మీ వారు కూర్చోవడానికే ఒప్పుకోకపోవచ్చు. ఒకవేళ కూర్చున్నా, చరణం మారకుండానే మీ వారి మనసు కుదుటపడవచ్చు. ఆయనకు కావలసింది పాటలో చోటో, తండ్రి నోట ఒక మాటో మనకు తెలియదు. ఈ ఫలితాల్లో ఏది వచ్చినా, ఇప్పుడున్న మౌనంకన్నా అది మీ ఇంటికి నయమని నా నమ్మకం.

పిల్లల వైపు కథను పిల్లలే చెప్పుకోవడం కూడా ఈ సంగీతంలో ఉంది. పేరున్న కంట్రీ గాయకుడు జానీ క్యాష్ కూతురు, గాయని రోజాన్ క్యాష్ తండ్రిని, సవతి తల్లిని 2003లో, కన్నతల్లిని 2005లో పోగొట్టుకుని, 2006లో ఆ మరణాల చుట్టూ ఒక ఆల్బమ్ తెచ్చింది. మీ వారు పాటలు రాసే మనిషి కాకపోవచ్చు. ఆయన ఒక ఉత్తరం రాసినా చాలు, నోటితో చెప్పినా చాలు. ఆయన ఆ మూడు వారాల సంగతి మీకు పూర్తిగా ఎప్పుడైనా చెప్పారా? మీ ఉత్తరంలో పక్కింటివాళ్ళు అన్నం పెట్టారన్న ఒక్క వాక్యమే ఉంది. ముందు మీరు అడిగి వినండి. విన్నది మామగారికి చేరవేయకండి. మీరు ఇద్దరి మధ్య మాటలు మోసే మనిషి అయితే, వాళ్ళిద్దరికీ నేరుగా మాట్లాడుకోవలసిన అవసరం ఉండదు, రెండు వైపుల కోపమూ మీ మీదికి మళ్ళుతుంది.

అలాగే మీ మామగారితో, ఆ పాట ఉంచమని గాని తీయమని గాని మీరు చెప్పలేరని, ఆ ప్రశ్న కొడుకును అడగవలసినదని మెత్తగా, స్పష్టంగా చెప్పండి. ఆయన మిమ్మల్ని అడగడంలో ప్రేమ ఉంది, నమ్మకం ఉంది. కొడుకు ముఖం చూసి అడగలేని బెరుకు కూడా ఉంది. ఆ బెరుకుకు మీరు అడ్డుగోడ కావద్దు.

డబ్బు సంగతి త్వరగా చెబుతాను. ఉమ్మడి పొదుపులోంచి 14 వేల డాలర్లు, భర్త మనసు బాగోలేని వేళ, ఆయనతో కూర్చుని మాట్లాడకుండా తీయవద్దు. అప్పుడు తగవు పాట మీద నుంచి మీ ఇద్దరి కాపురం మీదికి వస్తుంది. అంత ఖర్చు అవసరమా అన్నది కూడా చూడండి. జానీ క్యాష్ 62 ఏళ్ళ వయసులో, 1994లో తెచ్చిన 'అమెరికన్ రికార్డింగ్స్'లో పాటలన్నీ ఒక గొంతు, ఒక గిటార్. వాటిలో ఎక్కువ భాగం నిర్మాత ఇంటి హాల్లో, క్యాష్ సొంత కేబిన్‌లో రికార్డు చేశారు. మీ మామగారి పాటలకు పెడల్ స్టీల్ (కూర్చుని వాయించే ఒక రకం గిటార్), ఫిడిల్ వంటి వాద్యాలు అన్నింటా కావాలని లేదు. ఎవరు వాయించినా, ఎవరు రికార్డు చేసినా ముందే కాగితం రాయించుకోండి. రాతపూర్వకంగా లేకపోతే ఆ రికార్డింగ్‌లో తమకూ హక్కుందని వాళ్ళు తర్వాత అడిగే వీలుంటుంది.

ఇక మీ గొంతు. మిగిలిన తొమ్మిది పాటల్లో హార్మొనీ పాడాలని మీకు ఉంటే నిస్సంకోచంగా పాడండి. రెండేళ్ళుగా ఆ పాటలు రాస్తున్నప్పుడు పక్కన కూర్చున్నది మీరు, ఆ చోటు మీరు సంపాదించుకున్నదే. పదో పాటలో మాత్రం, వాళ్ళిద్దరూ మాట్లాడుకునేవరకు పాడవద్దని నా సలహా. ఇల్లు వదిలిన భార్య కథకు, ఆ భార్య పాడవలసిన స్వరంలో మీరు పలికితే, మీరు ఒక పక్షం తీసుకున్నట్టు మీ వారికి వినబడుతుంది. మీరు మనసులో ఏమనుకుని పాడినా సరే. తర్వాత పరిస్థితి చక్కబడితే ఆ గొంతు చేర్చడం సాంకేతికంగా గంట పని.

చివరగా అత్తగారి నోట్‌బుక్ పాట. దీన్ని మీరు చిన్న సంగతిగా రాశారు గాని, నాకు ఇదే ముఖ్యమనిపించింది. గై క్లార్క్ ఆల్బమ్ విన్నవారిలో చాలామందికి సుజానా ఫొటోలోని భార్యగానే తెలుసు. ఆమె స్వయంగా పాటలు రాసింది, బొమ్మలు వేసింది. 1978లో వచ్చిన కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ 'స్టార్‌డస్ట్' ఆల్బమ్ అట్ట మీది బొమ్మ ఆమెదే. మీ అత్తగారు కూడా సూట్‌కేస్ పట్టుకుని వెళ్ళిన మనిషి మాత్రమే కాదు. ఆవిడ సగం రాసిన పాటను ఆవిడ పేరుతోనే, రచయితల వరుసలో ముందు ఆవిడ పేరు పెట్టి ప్రకటించండి. ఆల్బమ్ మొత్తంలో ఆవిడ తన మాటల్లో తాను కనిపించేది అక్కడే.

ఆ పాటకు చట్టం వైపు ఒక మెలిక ఉంది. ఆవిడ బతికున్నప్పుడు ఇద్దరూ కలిసి రాయాలనుకుని మొదలుపెట్టిన పాట అయితే ఒక లెక్క, ఆవిడ ఒంటరిగా రాసుకున్నదాన్ని పోయాక ఆయన పూర్తిచేస్తే వేరే లెక్క. రెండో సందర్భంలో ఆవిడ రాసిన భాగం ఆవిడ ఆస్తిలో చేరుతుంది, వీలునామా ఉంటే దాని ప్రకారం, లేకపోతే రాష్ట్ర చట్టం ప్రకారం వారసులకు పోతుంది. భర్తతో పాటు కొడుకుకూ వాటా ఉండే అవకాశం ఉంది. అంటే ఆ పాట విడుదలకు మీ వారి అనుమతి కూడా కావలసి రావచ్చు. వీలునామా ఉందో లేదో చూసి, సంగీత హక్కులు తెలిసిన న్యాయవాదిని ఒకసారి కలవండి. నాష్‌విల్‌లో అలాంటివారికి కొదవ లేదు. కొడుకు వాటా ఉందని తేలితే, ఆ అనుమతి పత్రం మీద సంతకం కోసం మీ మామగారే కొడుకు దగ్గరకు వెళ్ళాలి, అత్తగారి నోట్‌బుక్ చేతిలో పట్టుకుని. మీరు ఆ కాగితం తీసుకుని వెళ్ళకండి. పదో పాట సంగతి ఎత్తడానికి ఆయనకు అంతకన్నా సులువైన సందర్భం దొరకదు.